గుండెతో మొదలుపెట్టండి: వర్గీకరణ, మానవ శరీరం ఒకే కాగితం మీద

జంతు వర్గీకరణ ఒక పాఠం, మానవ శరీర వ్యవస్థలు ఇంకో పాఠం అని విడివిడిగా బట్టీపట్టేవాళ్లే ఎక్కువ. నా ట్యూషన్‌లో ఆ రెండూ ఒకే కాగితం మీద రాయిస్తాను.

పెద్ద తెల్ల కాగితం అడ్డంగా పెట్టుకోండి. ఎడమ పక్కన పైనుంచి కిందికి ముఖ్యమైన వర్గాలు రాయండి: పొరిఫెరా, నిడేరియా, ప్లాటిహెల్మింథిస్, నెమటోడా, అనెలిడా, ఆర్థ్రోపొడా, మొలస్కా, ఎకైనోడెర్మేటా, కార్డేటా. అన్నిటికంటే కింద మనిషికి విడిగా ఒక వరస. పైన వ్యవస్థల పేర్లు. గళ్లన్నీ ఒకేసారి నింపేయాలన్న ఆత్రం వద్దు. ఒక నిలువు వరస పూర్తయ్యాకే రెండోది.

మొదట రక్త ప్రసరణ. స్పంజికలో రక్తం లేదు, ఒంట్లో తిరిగేది నీరే. ప్లాటిహెల్మింథిస్‌లోని చదునైన పురుగు ప్లనేరియాకీ లేదు. ఒళ్లు బాగా పలచన కాబట్టి ఆక్సిజన్ వ్యాపనంతోనే, అంటే దానంతటదే ఇంకుతూ, కణాలకు అందుతుంది. వానపాము దగ్గరికొచ్చేసరికి రక్తం నాళాలు దాటకుండా తిరుగుతుంది, అంటే సంవృత వ్యవస్థ. దాని హిమోగ్లోబిన్ ప్లాస్మాలో కరిగి ఉంటుంది. మనకేమో ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: బొద్దింక రక్తానికి ఎరుపు ఎందుకు లేదు? దాని వాయునాళాలు ఆక్సిజన్‌ని తిన్నగా కణజాలాలకే చేరుస్తాయి. రక్తానికి ఆ మోత పని లేదు, హిమోగ్లోబిన్ అక్కర్లేదు, రక్తం నాళాలు దాటి ఒంట్లో పారే వివృత వ్యవస్థే సరిపోతుంది. ఈ జవాబు రాస్తే శ్వాస వరసలో కీటకాల సంగతి కూడా వచ్చేసినట్టే.

కార్డేటాలో గదుల లెక్క వల్లించొద్దు, బొమ్మ గీయండి. చేపకి రెండు గదులు. రక్తం గుండె నుంచి మొప్పలకి, అక్కడి నుంచి నేరుగా శరీరానికి పోతుంది. కప్పకి మూడు. రెండు కర్ణికల (పై గదుల) రక్తం ఒకే జఠరికలోకి (కింది గదిలోకి) వచ్చి కొంత కలుస్తుంది. సరీసృపాల్లో చాలావాటికి మూడే, మొసలికి మాత్రం నాలుగు. పక్షులకీ మనకీ నాలుగు. అయితే మహాధమని చాపం (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళపు వంపు) పక్షిలో కుడికి, మనలో ఎడమకి తిరుగుతుంది. ఇది బిట్ పేపర్లు తయారుచేసేవాళ్లకి భలే ఇష్టం! మనిషి గడిలో నిమిషానికి 72 స్పందనలు, ఒక్కో స్పందనకి 70 మి.లీ. అని రాసి మీరే గుణించండి. నిమిషానికి సుమారు 5 లీటర్లు వస్తుంది.

విసర్జన తేలికే: ప్లనేరియాకి జ్వాలాకణాలు, వానపాముకి నెఫ్రీడియా, బొద్దింకకి మాల్పీజియన్ నాళికలు, చివరికి మనకి మూత్రపిండాలు. మనిషికి ఒక్కో మూత్రపిండంలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టే సన్నని నాళికలు).

మినహాయింపులకి ఎర్ర పెన్ను వాడండి. మొలస్కా అంటే వివృత వ్యవస్థే అనుకుంటాం, కానీ ఆక్టోపస్‌ది సంవృతం. ఎకైనోడెర్మేటాలోని నక్షత్ర చేపకి వలయ సౌష్ఠవం (మధ్య నుంచి చుట్టూ ఒకేలా ఉండటం) కదా, నిడేరియా పక్కన ఎందుకు పెట్టలేదని అడుగుతారు. దాని డింభకానికి (పిల్ల దశకి) ద్విపార్శ్వ సౌష్ఠవం, అంటే కుడి ఎడమలు ఒకేలా ఉండటం, ఉంటుంది మరి.

పరీక్ష ముందు మనిషి వరస మాత్రం కనిపించేలా మిగతాదంతా మూసేయండి. కింది నుంచి పైకి ఒక్కో గడి నోటితో చెప్పుకుంటూ తెరవండి. తడబడిన గడిని మాత్రమే పుస్తకంలో మళ్లీ చూడండి.