పిల్లల్ని ఫుట్‌బాల్ అకాడమీలో చేర్చే ముందు

ఫ్లెక్సీ మీద కప్పుల ఫొటోలు చూసి అకాడమీ ఎంచుకోకండి. ఫీజు కట్టకముందే రెండు సాయంత్రాలు, చెప్పాపెట్టకుండా గ్రౌండుకు వెళ్లి ఓ పక్కన కూర్చోండి. మీ పిల్లల వయసు బ్యాచిలో ఒకరిని ఎంచుకుని, 10 నిమిషాల్లో ఆ కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. మిగతావన్నీ ఈ లెక్క తర్వాతే.

12 మంది వరసలో నిలబడి ఒకే బంతిని వంతులవారీగా తన్నుతున్నారనుకోండి. వంతుకు 15 సెకన్లు వేసుకున్నా, మళ్లీ వంతు రావడానికి 3 నిమిషాలు. గంటకు 20 తన్నులే. మిగతా సమయమంతా నిలబడి చూడటమే. అదే తలా ఒక బంతి ఇచ్చి కోన్ల మధ్య తిప్పిస్తే ఆ 20 మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోతాయి. ఆ తర్వాత జట్టుకు నలుగురు చొప్పున చిన్న గోల్‌పోస్టులతో ఆడించాలి. పదేళ్ల లోపు వాళ్లకు ఆట పట్టుబడేది ఇలాగే. బంతులు చాలని చోట గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టిస్తూ కాలం గడిపేస్తారు. గంటన్నర క్లాసులో అరగంట రౌండ్లకే పోతుంటే ఇంకో అకాడమీ చూసుకోండి.

బంతి మీద నంబరు కూడా చూడండి. 8 ఏళ్ల లోపు వాళ్లకు 3, అక్కడి నుంచి 12 దాకా 4, ఆ పైన 5. అయిదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు తూగుతుంది. ఏడేళ్ల పిల్లలకు అది ఇస్తే పాదం లోపలి వైపుతో పాస్ ఇవ్వలేక బొటనవేలితో పొడుస్తారు, ఆ అలవాటు వదిలించడం చాలా కష్టం. చిన్నపిల్లలతో తలతో కొట్టించే ప్రాక్టీసూ వద్దు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2020లోనే ప్రైమరీ స్కూలు వయసు పిల్లలకు ట్రైనింగులో హెడింగ్ వద్దని చెప్పింది.

కోచ్ స్టేట్‌కి ఆడాడా, నేషనల్స్‌కి ఆడాడా అన్నది మంచి విషయమే, కానీ ఆడటం వేరు, పిల్లలకు నేర్పడం వేరు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) కోచింగ్ లైసెన్సు ఉందా, డి స్థాయిదా, దానిపైన సి స్థాయిదా, చెల్లుబాటు ఎప్పటివరకో అడగండి. లైసెన్సు ఉన్న కోచ్ పేరు బోర్డు మీద ఉండి, రోజూ నేర్పేది డిగ్రీ చదివే కుర్రాళ్లయితే ఆ లైసెన్సు మీ పిల్లలకు పనికిరాదు. చిన్న బ్యాచిలో ఒక కోచ్‌కి 12 మందికి మించితే అందరి కాళ్లూ చూడటం కుదరదు.

ఇక గ్రౌండు. మన డెల్టాలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నల్లమన్ను వానకు బంక అవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలో స్టడ్ (బూటు అడుగున ఉండే మొన) ఇరుక్కుంటే చీలమండ మడతపడుతుంది. సెషన్‌కి ముందు ఎవరైనా గ్రౌండంతా నడిచి పల్లేరుకాయలు, గాజుపెంకులు ఏరుతున్నారా? అన్నిటికంటే ముఖ్యం, పక్కన పంట కాలువో చేపల చెరువో ఉంటే బంతి అందులో పడినప్పుడు ఎవరు తెస్తున్నారో గమనించండి. పిల్లలే గట్టు దిగుతుంటే ఆ అకాడమీ వద్దు, కోచ్ ఎంత మంచివాడైనా సరే. గోల్ వెనక వల కట్టి, బంతి తీయడానికి పొడవాటి కర్రకు బుట్ట పెట్టుకున్న చోట పెద్దవాళ్ల జాగ్రత్త కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న 6కి మొదలెట్టి ఎనిమిదిలోపు ముగించాలి. 15, 20 నిమిషాలకోసారి మంచినీళ్లకు ఆపాలి. ఆ ఉక్కలో దాహం వేశాక తాగుదాంలే అంటే ఆలస్యమైనట్టే.

పుట్టినతేదీ విషయంలో చాలామంది తల్లిదండ్రులు నష్టపోతున్నారు. బడిలో వేసేటప్పుడు ఏడాది అటూ ఇటూ రాయించిన తేదీ, పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌తో కలవదు. వయసు విభాగాల్లో ఆడాలంటే ఆధార్‌తో సహా అన్నిట్లో ఒకటే తేదీ ఉండాలి. పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. "రెండేళ్లు తగ్గించేద్దాం, మేం చూసుకుంటాం" అనే అకాడమీ గడప తొక్కకండి. నిషేధం పడేది పిల్లల మీదే. స్కూలు క్రీడల సమాఖ్య (ఎస్‌జీఎఫ్‌ఐ) అండర్-14, 17, 19 పోటీలు, స్కూలు జట్ల జాతీయ ఫుట్‌బాల్ పోటీ సుబ్రతో కప్ స్కూలు తరఫున ఆడేవి కాబట్టి, మీ స్కూల్లో పీఈటీ మాస్టారు పంపుతారో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ఫీజు నెలకే కట్టండి, ఏడాదికి ఒకేసారి వద్దు. జెర్సీ, టోర్నమెంటు ప్రయాణం, రిజిస్ట్రేషన్ అందులో ఉన్నాయా లేదా, వాన పడ్డ రోజు క్లాసు మళ్లీ పెడతారా, దెబ్బ తగిలి నెల మానేస్తే ఎలా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

బూట్లు మొదటి నెల అయ్యాకే కొనండి. ఎండిన గట్టి నేలకు చిన్న రబ్బరు మొనలున్న టర్ఫ్ బూట్లు, గడ్డి మెత్తగా ఉంటే అడుగుతో కలిపి పోతపోసిన మొనలుండే మౌల్డెడ్ స్టడ్ల బూట్లు. వచ్చే ఏడాదికీ వస్తాయని పెద్ద సైజు తీసుకుంటే పాదం లోపల జారి మడమ బొబ్బలెక్కుతుంది. వేలి ముందు అర అంగుళం లోపే ఖాళీ ఉండాలి. మోకాలి కింద కట్టుకునే షిన్‌గార్డులు మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.