పెద్ద ట్యాంకు, దూర ప్రయాణం – మూడో పాఠం: పాత ట్యాంకు దించి కొత్తది ఎక్కించడం

మొదటి రెండు పాఠాల్లో లెక్క తేలింది. ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి దాటాలంటే మౌంట్ డేర్ దగ్గర డీజిల్ నింపుకొని బయలుదేరాలి. బర్డ్స్‌విల్ చేరేదాకా మధ్యలో ఎక్కడా బంకు లేదు. దూరం 500 కిలోమీటర్లకు పైనే, దారిలో వెయ్యికి మించిన ఇసుక దిబ్బలు. సామానుతో ఉన్న మన టొయోటా హైలక్స్ పికప్ బండి మెత్తని ఇసుకలో 100 కిలోమీటర్లకు 18 నుంచి 20 లీటర్లు తాగుతుంది. కంపెనీ ఇచ్చే ట్యాంకు 80 లీటర్లది. అది చాలదు కాబట్టి దాని స్థానంలోనే కూర్చునే 140 లీటర్ల ఉక్కు ట్యాంకును ఎంచుకున్నాం. బరువు సంగతీ గుర్తుండే ఉంటుంది. లీటరు డీజిల్ సుమారు 0.84 కిలోలు. అదనంగా పట్టే 60 లీటర్లు 50 కిలోలు, పైగా ఉక్కు ట్యాంకు పాత ప్లాస్టిక్ ట్యాంకు కంటే బరువు. వాహనం మోయగల మొత్తం బరువులో ఆ మేరకు సామాను తగ్గించుకోవలసిందే. అయినా ఆ డీజిల్ పైకప్పు మీద డబ్బాల్లో ఊగడం కంటే ఛాసిస్ పట్టాల మధ్య కిందుగా ఉండడం దిబ్బల మీద ఎంతో మేలు.

ఈ పాఠం డీజిల్ బండ్లకు మాత్రమే. ఆస్ట్రేలియా ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే కనీసం 61.5 డిగ్రీల వేడి ఉండాలి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా నిప్పు అందుకుంటుంది. పెట్రోలు బండి ఉన్నవాళ్ళు ఈ పాఠం చదివి పని ఎలా జరుగుతుందో తెలుసుకోండి, చేయించడం మాత్రం షెడ్డులోనే. డీజిలే కదా అని మంటలార్పే సిలిండర్ పక్కన లేకుండా మీరు కూడా పని మొదలుపెట్టవద్దు.

తెలుగు రాష్ట్రాల్లో థార్ లాంటి బండి ఉన్నవాళ్ళకు ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. రవాణా శాఖను అడగకుండా ట్యాంకు జోలికి వెళ్ళవద్దు. ఆస్ట్రేలియాలో ఉన్న మన వాళ్ళు ట్యాంకుతో పాటు వచ్చే అక్కడి డిజైన్ నిబంధనల ధ్రువపత్రాన్ని దాచుకోండి, బీమా కంపెనీకి రాసి తెలియజేయండి.

ఇక పని. వీలైనంత వరకు డీజిల్ వాడేసి, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాకే మొదలుపెట్టండి. సగం నిండిన ట్యాంకులో 40 లీటర్లు అటూ ఇటూ పరుగెత్తుతుంటే జాకీ మీద నిలబెట్టలేరు. చదునైన కాంక్రీటు నేల చూసుకొని, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు వేసి, వెనుక భాగాన్ని ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలపండి. ఉత్త జాకీ మీద నిలిపిన బండి కిందకు ఎవరూ దూరకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకు కట్టేయండి. ఈ పనికి ఇద్దరు ఉండాలి, మూడో మనిషి ఉంటే ఇంకా మంచిది.

ముందుగా డీజిల్ పోసే మెడ దగ్గర లావు గొట్టం, దాని పక్కనే ట్యాంకులోని గాలి బయటకు వచ్చే సన్నని బ్రీదర్ గొట్టం విప్పండి. విప్పే ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ గొట్టం దేని పైనుంచి వెళ్ళిందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ట్యాంకు కింద వెడల్పాటి పలక పెట్టి జాకీతో ఆనించి, అప్పుడు పట్టీల బోల్టులు విప్పండి. నాలుగు వేళ్ళ ఎత్తు దించి ఆపండి. ట్యాంకు పైభాగంలో ఇంజినుకు వెళ్ళే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం, డీజిల్ మట్టాన్ని కొలిచే ఫ్లోటుకు కరెంటు ఇచ్చే ప్లగ్గు ఆ సందులో కనిపిస్తాయి. వాటిని విడదీసి, తెరిచిన ప్రతి గొట్టానికీ మూత పెట్టాకే పూర్తిగా దించండి.

దించిన ట్యాంకు పైభాగాన్ని ఒకసారి బాగా చూడండి. ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాల్లో తిరిగిన బండి అయితే అక్కడ ఎర్రమట్టి వేలి మందాన పేరుకొని, డీజిల్ తడికి అట్టకట్టి ఉంటుంది. ఫ్లోటు యూనిట్ చుట్టూ ఉన్న రింగు గాడిలో ఇది మరీ ఎక్కువ. రింగు విప్పగానే ఆ మట్టి పెళ్ళలుగా ట్యాంకులోకి రాలుతుంది. అందుకే ముందు బ్రష్షుతో గీకి, గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, ఆ తరువాతే రింగు మీద చెయ్యి వేయండి. ఈ తరం డీజిల్ ఇంజిన్లలో ఇంధనం వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వెంట్రుకంత రంధ్రాల గుండా చిమ్ముతుంది. ఆ రంధ్రాలు పాడవడానికి ఇసుక రేణువు చాలు. కొత్త ట్యాంకునూ నమ్మవద్దు. వెల్డింగు చేసిన ఉక్కులో ఇనుప పొడి ఉండవచ్చు. రెండు లీటర్ల శుభ్రమైన డీజిల్ పోసి కుదిపి, తెల్లగుడ్డ మీదుగా ఒంపి చూడండి. గుడ్డ మీద మెరుపులు కనిపించనంత వరకు కడుగుతూనే ఉండండి.

ఫ్లోటు యూనిట్‌ను కొత్త ట్యాంకులోకి మార్చేటప్పుడు పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడవద్దు. కొన్ని కిట్లలో, అంటే కొత్త ట్యాంకుతో కలిపి ఇచ్చే సామానులో, ఫ్లోటు చేతిని పొడిగించే ముక్క ఉంటుంది, దాన్ని కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో చూపిన కోణంలోనే బిగించండి. ట్యాంకులోని అడ్డుపలకలకు ఫ్లోటు తగలకుండా పైకీ కిందకీ ఆడుతోందో లేదో అద్దంతో చూసుకోండి.

ఇప్పుడు బ్రీదర్ గొట్టం. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది దీని మీదే. మూతి సన్నని కూజాను నీళ్ళలో ముంచితే బుడబుడమంటూ ఆగి ఆగి నిండుతుంది. లోపలి గాలికి దారి లేకపోతే ట్యాంకు కూడా అంతే. డీజిల్ లోపలికి వస్తున్నప్పుడు ఆ మేరకు గాలి ట్యాంకు పైనుంచి బ్రీదర్ గొట్టం ద్వారా మెడ దగ్గరకు చేరాలి. పెద్ద ట్యాంకు ఆకారం వేరు, గొట్టం పొడవు వేరు, అందువల్ల ఛాసిస్ పట్టా దాటే చోట గొట్టం కిందకు వేలాడుతుంది. ఆ వంపులో గ్లాసెడు డీజిల్ నిలిచినా గాలి దారి మూసుకుపోతుంది. గాలి మెడలోకే ఎగదన్ని నురగ లేస్తుంది. బంకు నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని నురగ కప్పగానే నాజిల్ టక్కున ఆగుతుంది. ట్యాంకు నిండిందని మీరు అనుకుంటారు. ఇరవయ్యో ముప్పయ్యో లీటర్ల చోటు ఖాళీగానే ఉంటుంది. ఎడారి అంచున ఆ ముప్పై లీటర్లంటే 150 కిలోమీటర్లు.

కాబట్టి గొట్టం ట్యాంకు నుంచి మెడ వరకు ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. ఎక్కువైన పొడవును చుట్టి కట్టకుండా కోసేయండి. మలుపు దగ్గర నొక్కుకుపోయిందేమో వేళ్ళతో తడిమి చూడండి. క్లిప్పులతో ఛాసిస్‌కు పట్టించండి. ఇంజిను డీజిల్ లాగుతున్నప్పుడు గాలిని లోపలికి వదిలే సన్నని గొట్టం మరొకటి ఉంటుంది. దాని కొసను వాగు నీళ్ళు అందనంత ఎత్తులో కట్టండి. అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఎక్కుడులో బండి శక్తి తగ్గుతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే అనుమానించాల్సింది దీన్నే.

ట్యాంకు ఎక్కించడం దించినదానికి తిరగేసిన పని. పట్టీలకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు పట్టీలు పెట్టండి. ఉక్కు మీద ఉక్కు రాసుకుంటే కంకర రోడ్డు అదురుకు ఆ చోటు అరిగి కన్నం పడుతుంది. బోల్టులు అన్నీ సగం ఎక్కించాక, కిట్ కాగితంలో ఉన్న బిగువుకు టార్క్ పానాతో బిగించండి. సైలెన్సర్ గొట్టానికీ ట్యాంకుకూ మధ్య చెప్పినంత ఎడం ఉందా, వేడిని ఆపే రేకు తిరిగి వేశారా, వెనుక చక్రాలకు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగితే తగులుతుందా చూడండి. వెనుక ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు ఒకసారి, బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు ఇంకోసారి చూడాలి. పాత బోల్టు రంధ్రాలనే వాడుకునే కిట్లు దొరుకుతున్నప్పుడు, ఛాసిస్‌కు కొత్త రంధ్రం వేయమని చెప్పే కిట్‌ను నేను కొనను.

బ్యాటరీ కలిపాక వెంటనే స్టార్ట్ చేయవద్దు. ముందు 20 లీటర్లు పోసి అతుకులన్నీ పొడిగుడ్డతో తుడవండి. పావుగంట ఆగి మళ్ళీ తుడిచి, గుడ్డ వాసన చూడండి. ఫిల్టర్ మీదున్న చేతి పంపును గట్టిపడే దాకా నొక్కి గొట్టాల్లో గాలి తీసేయండి. ఖాళీ గొట్టాలతో స్టార్టర్ తిప్పుతూ పోతే డీజిల్‌తోనే తడిసే పంపు ఎండి అరిగిపోతుంది.

మొదటిసారి నింపడానికి ఊళ్ళో ఉన్న, నేల చదునుగా ఉన్న బంకుకే వెళ్ళండి. లారీల కోసం వేగంగా పోసే నాజిల్ వద్దు, మామూలుదే అడగండి. నాజిల్ మొదటిసారి ఆగినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. తరువాత నెమ్మదిగా పోస్తూ మెడలో డీజిల్ కనిపించే దాకా నింపి, ఆ అంకె కూడా రాయండి. రెండు అంకెల మధ్య తేడా పది లీటర్లు దాటితే బ్రీదర్ గొట్టం దగ్గరకు మళ్ళీ వెళ్ళాల్సిందే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే మరోసారి కిందకు వంగి అతుకులు చూడండి. నిండు బరువుకే బయటపడే కారడం కొంత ఉంటుంది. కొంత దూరం కంకర రోడ్డు మీద తిరిగాక పట్టీల బోల్టులను టార్క్ పానాతో మళ్ళీ సరిచూడండి.

తెర మీద కనిపించే 'ఇంకా ఎంత దూరం' అంకెను ప్రస్తుతానికి పట్టించుకోవద్దు. ట్యాంకు మారిందని బండి కంప్యూటర్‌కు తెలియదు. ముల్లు ఏ గీత దగ్గర ఉంటే ఎన్ని లీటర్లు మిగిలినట్టో పట్టిక తయారుచేసుకోవడం నాలుగో పాఠం. దానికి ఈలోగా ట్యాంకును దాదాపు ఖాళీ చేసుకొని ఉండండి. కొలత గీతలున్న పది లీటర్ల డబ్బా ఒకటి, ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకోండి.