కొత్త పాట లింకు పంపి ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఏం చెప్పాలి?

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక లింకు వస్తుంది. “అన్నా, నా కొత్త పాట. విని ఎలా ఉందో చెప్పవా?” మీరు ఓ 20 సెకన్లు విని, “సూపర్ తమ్ముడూ, ఇరగదీశావ్” అని కొట్టి, రెండు నిప్పు బొమ్మలు తగిలించి పడుకుంటారు. మంచి మనసుతోనే. అవతల అతనికి మాత్రం ఆ మాటతో ఏం చేసుకోవాలో తెలియదు. ఏది సూపర్? గొంతా, బాణీనా, సాహిత్యమా? అసలు విన్నాడా?

స్పాటిఫై లెక్కలో అయితే మీరు విననట్టే. అక్కడ 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీమ్ కింద జమ. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీములు రాని పాటకి రాయల్టీ ఇవ్వడం లేదు. అంటే హాస్టల్ గదిలో ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ పాడి రికార్డు చేసుకున్న కుర్రాడికి చాలాకాలం పాటు పాట మీద వచ్చే సంపాదన అంతా మనం చెప్పే మాటలే. సినిమా పాటకి బాణీ దశ నుంచే దర్శకుడు, నిర్మాత, పాటల రచయిత అందరూ తలో మాట చెబుతారు. ఇతనికి ఆ గదిలో ఎవరూ లేరు. అందుకే మీకు పంపాడు.

సంగీతం రాకపోయినా పనికొచ్చే మాట చెప్పవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు ఒక ప్రశ్న అడగండి

“ఇది డెమోనా, మిక్సింగ్‌లో ఉందా, రిలీజ్ చేసేశావా?” డెమో అంటే ఇంకా పచ్చిగా ఉన్న రికార్డింగ్, మిక్సింగ్ అంటే గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్లలో కలిపే పని. మీరు చెప్పబోయేదంతా ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియోకి అదే లింకు ఉంచి కొత్త ఆడియో పెట్టడం కుదరదు. మళ్లీ ఎక్కించాలి, అప్పటిదాకా వచ్చిన వ్యూసూ కామెంట్లూ పాత లింకుతోనే ఉండిపోతాయి. కాబట్టి రిలీజైన పాటకి “మొదటి చరణం తీసేస్తే బాగుండేది” అని చెబితే అతనికి మిగిలేది బాధే. అదే మాట డెమో దశలో చెబితే బంగారం.

డెమో వాయిస్ నోట్‌గా వచ్చిందనుకోండి, సౌండ్ క్వాలిటీ ఊసే ఎత్తకండి. అక్కడ చూడాల్సింది బాణీ, మాట. “దేని గురించి చెప్పమంటావు?” అని కూడా అడిగితే ఇంకా మంచిది. పల్లవి నిలుస్తుందా లేదా అన్న ఒక్క టెన్షన్‌తోనే పంపి ఉండొచ్చు. మీరేమో గిటార్ గురించి పేరా రాస్తారు.

రెండుసార్లు వినండి

మొదటిసారి ఇంకేం చేయకుండా చివరిదాకా. రెండోసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఎక్కడ ఏమనిపించిందో టైముతో సహా ఒక కాగితం మీద రాసుకుంటూ. రెండూ కలిపి ఎనిమిది నిమిషాలు పట్టదు.

ఫోన్ స్పీకర్‌లో మాత్రమే విని “బేస్ సరిపోలేదు” అనకండి. అంత చిన్న స్పీకర్ లోతైన శబ్దాలని సరిగా పలికించలేదు, అందులో పాట తప్పేమీ లేదు. అయితే చాలామంది వినేది ఆ స్పీకర్‌లోనే కాబట్టి, “ఫోన్‌లో పెట్టి వంటింట్లో విన్నాను, కుక్కర్ కూతల మధ్య కూడా మాటలు తెలిశాయి” అన్నది అతనికి నిజంగా పనికొచ్చే సమాచారం. ఎందులో విన్నారో ఒక్క ముక్క చేర్చడం అలవాటు చేసుకోండి.

చోటు చూపించండి

పద్య నాటకాల్లో ఒక సంప్రదాయం ఉంది. నటుడు రాగం లాగి పద్యం ముగించగానే జనంలోంచి “వన్స్ మోర్” అని కేక లేస్తుంది. ఎదుటివాడితో యుద్ధానికి సిద్ధమవుతున్న పాత్ర కాస్తా ఆగి, హార్మోనియం వైపు చూసి, అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటుంది. చచ్చిపడిపోయిన పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ చచ్చిపోయిన కథలు కూడా చెప్పుకుంటారు. కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒక సంగతి (అదే పంక్తిని కొత్తగా మలిచి పాడటం) పడగానే “ఆహా” అని తల ఊపడం కూడా ఇలాంటిదే. వాళ్ల మెచ్చుకోలు సరిగ్గా ఆ క్షణానికి అంటుకుని ఉంటుంది. ఏది తగిలిందో పాడేవాడికి ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఆ పని టైము చేస్తుంది. యూట్యూబ్ కామెంట్లో 1:42 అని రాస్తే అది నొక్కగలిగే లింకు అవుతుంది, ఎవరైనా నేరుగా అక్కడికే వెళ్లి వినవచ్చు. పాటలు పెట్టుకునే సౌండ్‌క్లౌడ్ సైట్‌లో పాట అలల బొమ్మలా కనిపిస్తుంది. ఏ క్షణం దగ్గర కామెంట్ పెడితే అక్కడే అది అతుక్కుని ఉంటుంది.

ఒక వాన పాట అనుకుందాం. “మ్యూజిక్ అదిరింది బ్రో” అనే బదులు ఇలా రాసి చూడండి: “1:42 దగ్గర అన్నీ ఆగిపోయి ఒక్క గొంతే మిగిలింది కదా, అక్కడ నేను చేస్తున్న పని ఆపేశాను.” ఇందులో సంగీత శాస్త్రం ఒక్క ముక్క లేదు. మీకేం జరిగిందో ఉంది, అంతే. అతనికి మాత్రం గొప్ప కబురు తెలిసింది: ఆ నిశ్శబ్దం పనిచేసింది, ఉంచుకోవచ్చు.

మాటలు దొరకకపోతే మనకి ఉన్నవే వాడండి. ఎత్తుగడ, నడక, విరుపు, పల్లవికి తిరిగొచ్చే తీరు. “రెండో చరణం నడక మారింది, ఊపొచ్చింది” అంటే ఏ ఊరి సంగీతకారుడికైనా అర్థమవుతుంది. వాయించినవాళ్లనీ మర్చిపోకండి. వీడియో కింద వివరాల పెట్టెలో పేర్లుంటాయి, చూసి “తబలా వాయించినవారికి ప్రత్యేకంగా చెప్పండి” అని ఒక మాట కలపండి. పాట రాసినవారి పేరు కామెంట్లలో ఎవరూ ఎత్తరు. మీరు ఎత్తితే ఆ ఒక్క కామెంట్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు.

తెలుగు మాట మీద చెవి పెట్టండి

గిటార్ గురించి, మిక్స్ గురించి చెప్పేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తెలుగు పాటలో తెలుగు ఎలా పలికిందో చెప్పాల్సింది మనమే.

మొట్టమొదట పట్టుకోవాల్సింది హ్రస్వ దీర్ఘాలు. బాణీ సాగదీయమన్నచోట పొట్టి అక్షరం పడితే అర్థమే మారిపోతుంది. “మది” అన్నది కాస్త లాగితే “మాది” అయి కూర్చుంటుంది. ప్రేమ పాట కాస్తా ఆస్తి తగాదాలా వినిపిస్తుంది. రాసినవాడికి, పాడినవాడికి ఇది తెలియదు, ఎందుకంటే ఆ పదం ఏమిటో వాళ్లకి ముందే తెలుసు. మొదటిసారి వినేవాడికే దొరుకుతుంది. ఇలాంటిదే పదం విరుపు. “చినుకు”లో “చిను” ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) చివర, “కు” తర్వాతి ఆవర్తం మొదట్లో పడితే మాట రెండు ముక్కలవుతుంది. ఒక్కోసారి అది కావాలని చేసిన చమత్కారం కూడా కావచ్చు. అందుకే “0:58 దగ్గర నాకు ‘మాది’ అని వినిపించింది, ‘మది’ కదూ?” అని అడగండి. మీ చెవికి ఏం వినిపించిందో చెబుతున్నారు, తీర్పు ఇవ్వడం లేదు.

యాసని మాత్రం దిద్దకండి. శ్రీకాకుళం అబ్బాయి “సెప్తున్నాను” అని పాడితే, కరీంనగర్ అమ్మాయి “గట్ల” అని రాస్తే అది తప్పు పలకడం కాదు, ఆ పాట ఊరు అది. “కొంచెం మంచి తెలుగులో పాడితే అందరికీ చేరుతుంది” అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దురదృష్టం. వీలైతే ఎదురు రాయండి: “ఆ మాట మా అమ్మమ్మ వాడేది, పాటలో విని చాలా ఏళ్లయింది.”

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగిన పిల్ల తెలుగులో సొంతంగా పాట కట్టి పాడితే సంగతి వేరు. “ళ” నోరు తిరగకపోవచ్చు, ఒత్తులు జారిపోవచ్చు. పదిమందిలో “ముందు తెలుగు నేర్చుకోమ్మా” అని రాయడం దారుణం. ఆమె ఆ పని మీదే ఉంది. విడిగా ఒక మెసేజ్ పెట్టి, ఆ పదాన్ని మీ గొంతుతో నెమ్మదిగా పలికి వాయిస్ నోట్ పంపండి. అక్షరాలు రాసి పంపితే ఆమెకి చదవడం రాకపోవచ్చు కూడా.

పోలికల దగ్గర జాగ్రత్త

మన చెవులు సినిమా పాటలతో పెరిగాయి. ఏది విన్నా “అచ్చం ఫలానా సినిమా పాటలా ఉంది” అనేస్తాం. పొగిడామనే అనుకుంటాం. అతనికి మాత్రం కాపీ కొట్టావన్నట్టు వినిపించవచ్చు. పోల్చాలనిపిస్తే అతని పాత పాటతోనే పోల్చండి: “పోయినసారి పాటలో పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు బిగుసుకుంది, ఈసారి హాయిగా వెళ్లింది.” ఇంతకంటే బలమైన ప్రోత్సాహం నాకు తెలియదు, అతని మొదటి పాట నుంచీ వింటున్నారని అందులోనే తెలిసిపోతుంది.

నిజంగానే కాపీ అనిపిస్తే? కాస్త ఆగండి. మోహన రాగంలో ఉన్నవి ఐదే స్వరాలు, స రి గ ప ద. అందులో కట్టిన రెండు పాటలు అక్కచెల్లెళ్లలా వినిపించడంలో వింత లేదు. అనుమానం తీరకపోతే రెండు పాటల్లోనూ టైము రాసి, ఇన్‌బాక్స్‌లో అడగండి. ఈమధ్య వచ్చిన ఇంకో ప్రశ్న “ఏఐతో చేశారా?” నెలరోజులు కూర్చుని కట్టినవాడికి అది చెంపదెబ్బ. ఊరికే కుతూహలానికి అడగకండి. “ఇది ఎలా చేశావో చెప్పవా?” అంటే మీకు కావాల్సింది ఎలాగూ తెలుస్తుంది.

సరిచేయాల్సింది కనిపిస్తే

ఒకసారి మా బంధువుల అబ్బాయి పాట పంపితే, పెద్ద మేలు చేస్తున్నాననుకుని 11 తప్పులు నంబర్లు వేసి మరీ పంపాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు “థాంక్స్ అన్నా” అని రెండు ముక్కలు. ఆ తర్వాత అతను పాటలు చేస్తూనే ఉన్నాడు, నాకు పంపడమే మానేశాడు. ఆ 11లో చాలావరకు సరైనవే. అయితే ఏం లాభం?

ఇప్పుడు ఒక పాటకి ఒక్కటే చెబుతున్నాను. అన్నిటికంటే పెద్దది, అతని చేతిలో మార్చుకోగలిగినది. అదీ ఇన్‌బాక్స్‌లో, “ఒక చిన్న విషయం అనిపించింది, చెప్పనా?” అని అడిగాక.

ఇంట్లో రికార్డు చేసిన పాటల్లో తరచూ కనిపించేవి కొన్నే. గొంతు వాయిద్యాల కింద నలిగిపోవడం ఒకటి. “రెండో చరణంలో మాటలు రెండుసార్లు విన్నాక గానీ తెలియలేదు, గొంతు కొంచెం పైకి తెస్తావా?” అంటే చాలు. “ప”, “భ” దగ్గర మైకుకి గాలి కొట్టి డుబ్బుమనడం ఇంకొకటి. మైకుకి సూటిగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి పాడితే చాలావరకు పోతుంది. “స”, “శ” చెవిలో గుచ్చుకుంటుంటే ఏ పదం దగ్గరో చెప్పండి, మిక్స్‌లో తగ్గించుకునే దారులున్నాయి. గది గోడల మోత వస్తుంటే చుట్టూ దుప్పట్లు వేలాడదీసి పాడమనండి. శ్రుతి తప్పిందనిపిస్తే ఖచ్చితంగా ఏ చోటో చెప్పగలిగితేనే చెప్పండి. “అక్కడక్కడా శ్రుతి పోయింది” అంటే మనిషి పాట మొత్తాన్నీ అనుమానించడం మొదలుపెడతాడు.

“నేనైతే ఇలా చేసేవాణ్ణి” అన్న మాట మాత్రం వద్దు. అది మీ పాట అయిపోతుంది.

నచ్చకపోతే

అబద్ధం చెప్పక్కర్లేదు. ర్యాప్ మీ చెవికి ఎక్కదనుకోండి, “ఇలాంటివి నేను పెద్దగా వినను, కానీ 0:30 దగ్గర ప్రాస మీద ప్రాస పడుతూ పోయింది చూశావూ, అది మళ్లీ విన్నాను” అనవచ్చు. పాట మొత్తంలో అలాంటిదొకటి దొరక్కపోతే ఆ రోజుకి ఊరుకోండి.

పాడింది అమ్మాయైతే రూపం గురించి, చీర గురించి రాసి అది మెచ్చుకోలు అనుకోకండి. ఆమె పాట పెట్టింది. అలాగే “బాగుంది, నా ఛానల్ కూడా చూడండి” అన్నది కరపత్రం, కామెంట్ అనరు దాన్ని.

వారం తర్వాత

విన్న రోజు చెప్పిన మాటకంటే వారం పోయాక వచ్చే మాట బలంగా తగులుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి అతను ఏదైనా మార్చి మళ్లీ పంపితే, ముందు ఆ మార్చిన చోటికే వెళ్లి వినండి. మార్చకపోతే అలగకండి, పాట అతనిది.

ఏమీ పంపకపోయినా మీరే ఒక మెసేజ్ పెట్టవచ్చు, నిజమైతేనే: “నిన్న గిన్నెలు కడుగుతుంటే నీ పల్లవి నోట్లోకి వచ్చేసింది. రెండో లైను గుర్తు రావట్లేదు, ఏంటది?”