అన్ని కంప్యూటర్లకూ ఒకే ఎడిటర్ – 3వ పాఠం: వరుస చివర కనిపించని బైటు

ఈసారి షార్ట్‌కట్‌లు చెప్పుకోవాలి. కుదరదు, వచ్చే పాఠానికి జరిపాను. పోయిన పాఠంలో చిన్న బాష్ స్క్రిప్టును (లినక్స్‌లో బాష్ అనే ప్రోగ్రామ్ నడిపే ఆజ్ఞల ఫైలు) విండోస్‌లో రాసి లినక్స్‌లో నడపమన్నాను కదా, చాలామందికి ఫైలే లేదన్నట్టు ఎర్రర్ వచ్చింది. ఫైలేమో కళ్లెదుటే ఉంది. కొందరు లినక్స్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేశారట. అంత పని అక్కర్లేదండీ.

తంటా అంతా ఎంటర్ కీతోనే. దాన్ని నొక్కితే లినక్స్, మాక్ ఎడిటర్లు ఒక్క బైటు రాస్తాయి: ఎల్ఎఫ్, విలువ 10. విండోస్‌లో మామూలుగా రెండు పడతాయి: ముందు సీఆర్, అంటే 13, దాని వెనక ఎల్ఎఫ్. పాతకాలపు టెలిటైప్ అచ్చు యంత్రాల్లో అచ్చు వేసే భాగాన్ని ఎడమ అంచుకు తేవడం ఒక ఆజ్ఞ (సీఆర్), కాగితాన్ని ఒక వరుస జరపడం మరో ఆజ్ఞ (ఎల్ఎఫ్). ఆ జంటే ఇప్పటికీ నడుస్తోంది. మీ స్క్రిప్టు మొదటి వరుసలో బాష్ ఎక్కడుందో రాశారు. ఆ దారికి చివర 13 అంటుకుంది. లినక్స్ దాన్ని కూడా పేరులో భాగమే అనుకుని, అలాంటి ప్రోగ్రామ్ కోసం వెతికింది. దొరకలేదు. లేనిది ఆ ప్రోగ్రామ్, మీ స్క్రిప్టు కాదు.

"నా ఎడిటర్‌లో బాగానే కనిపిస్తోందే!" అన్నవాళ్లకు: అదే నాకు ఒళ్లు మండే విషయం. ఇప్పటి ఎడిటర్లు రెండు రకాలనూ ఒకేలా చూపిస్తాయి. 2018కి ముందు విండోస్ నోట్‌ప్యాడ్ ఉత్త ఎల్ఎఫ్ ఉన్న ఫైలును విరుపుల్లేకుండా ఒకే వరుసగా కుక్కి చూపేది. వికారమే, కానీ తేడా ఉందని తెలిసేది. అందుకే ఎడిటర్‌ను ఎంచుకునేటప్పుడు రంగులు, థీమ్‌లు తర్వాత చూడండి. వరుస ముగింపు ఏదో చెబుతుందా, మార్చనిస్తుందా? విఎస్ కోడ్‌లో కింది పట్టీలో కుడివైపు ఉంటుంది, దానిమీద నొక్కి మార్చుకోవచ్చు. జీనీ అనే ఎడిటర్‌లో అయితే డాక్యుమెంట్ మెనూ చూడండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కూడా చక్కగా చూపిస్తుంది గానీ, అది విండోస్ కోసమే చేసింది, మన లెక్కలోకి రాదు. సెట్టింగుల్లో కొత్త ఫైళ్లన్నిటికీ ఎల్ఎఫ్ పెట్టేసుకోండి. విండోస్‌కీ అదే, ఇప్పటి నోట్‌ప్యాడ్ కూడా చదువుతుంది.

ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, యూటీఎఫ్-8 పెట్టుకోండి, బామ్ లేకుండా. బామ్ అంటే ఫైలు మొదట చేరే మూడు బైట్లు. అవి ఉన్నా స్క్రిప్టు మొదటి వరుసను లినక్స్ గుర్తుపట్టదు.

నా మటుకు నాకు విమ్, టెర్మినల్‌లో (ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో) నడిచే ఎడిటర్. దూరాన ఉన్న సర్వర్‌లోకి వెళ్లినా అదో, దాని పెద్దన్న వీఐయో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అయితే తెలుగు రాయడానికి టెర్మినల్ వద్దు, చాలా టెర్మినళ్లలో ఒత్తులు చెదిరిపోతాయి. తెలుగుకు నేనూ విఎస్ కోడే తెరుస్తాను.

అభ్యాసం: "అమ్మ" అని రాసి, ఒక్కసారి ఎంటర్ కొట్టి సేవ్ చేయండి. విమ్‌లో అయితే ఎంటర్ కొట్టొద్దు, చివరి విరుపు అదే వేసుకుంటుంది. ఎల్ఎఫ్‌తో ఫైలు సైజు 13 బైట్లు రావాలి, సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో (ఆ రెండూ కలిపి) 14, దానికి బామ్ కూడా కలిస్తే 17. మూడు ఫైళ్లూ చేసి, మూడు సిస్టమ్‌లలోనూ తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ చేసి సైజులు మళ్లీ చూడండి. ఏ ఎడిటర్ చెప్పకుండా మార్చిందో దాన్ని మీ జాబితాలోంచి కొట్టేయండి. రెండక్షరాల మాటకు 12 బైట్లు ఎలా పట్టాయో కూడా రాసుకుని రండి.