పిల్లలు చెట్టెక్కుతుంటే కథ రాయడం ఎలా?

ముందు మా జామచెట్టు సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట, ఒక పత్రిక దీపావళి సంచికకు కథ పంపడానికి ఆఖరి రోజు. శ్రీకాకుళంలో మా పెరట్లో మంచం వాల్చుకుని చివరి పేజీ రాస్తున్నాను. ఆరేళ్ల మా పెద్దాడు "అమ్మా, ఇటు చూడు" అన్నాడు. "ఊఁ" అన్నాను, తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ "ఊఁ". ఆ తర్వాత వినిపించింది కొమ్మ విరిగిన చప్పుడు. ముంజేతి ఎముక చిట్లింది, నెల రోజులు కట్టు. కథా వెళ్లలేదు.

మా అత్తయ్య ఒక్క మాటే అన్నారు: "రాసుకో అమ్మా, ఎవలొద్దన్నారు? గుంటడు చెట్టు మీదున్నప్పుడు కాదు."

నా పద్ధతంతా ఆ మాటలోంచే వచ్చింది. ఇలాంటి పిల్లలున్న ఇంట్లో టైంటేబుల్ రెండు రోజులు కూడా నిలవదు. పిల్లలు ఏ ఆటలో ఉన్నారో చూసి, దానికి తగ్గ రాతపని పెట్టుకోవాలి.

1. ఆటల జాబితా రాయండి

ఒక వారం గమనించి, మీ పిల్లలు ఆడేవన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన "కళ్లు" అనో "చెవులు" అనో గుర్తు పెట్టండి. నీళ్లు, రోడ్డు, వాళ్ల తలకు మించిన ఎత్తు: ఈ మూడూ కళ్ల ఆటలు. ఇందులో బేరం లేదు.

మా పిల్లలకు నాగావళి అంటే ప్రాణం. వేసవిలో అంతా ఇసుకే, నీళ్లు చీలమండ దాకా ఉంటాయి, చూస్తే భయమే వేయదు. కానీ ఇసుక తవ్విన చోట గోతులుంటాయి. పైగా ఏరు పుట్టేది ఒడిశా కొండల్లో. అక్కడ గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. ఏటి ఒడ్డున నోట్‌బుక్ తీయను, ఫోన్ సంచిలోనే ఉంటుంది. రచయితకు చూడటం కూడా రాతలో భాగమే అంటారు. కావచ్చు. అక్కడ నేను చూసేది మాత్రం రెండు తలలు ఉన్నాయా లేదా అనే.

2. చెవుల ఆటలప్పుడు చిల్లర పని

ఇసుక కుప్ప, గోళీలు, పాత చీరతో గుడారం. వీటికి చెవి ఒగ్గితే చాలు. అరుపులు వినిపిస్తున్నాయంటే క్షేమమే. చప్పుడు ఆగిందా, వెంటనే లేవండి. ఒకసారి నేను ఆలస్యంగా లేచేసరికి మా చిన్నది గోళెంలో సగం మునిగి, మామ్మ కళ్లజోడుకు స్నానం చేయిస్తోంది. ఆ రోజు నుంచి గోళెం కళ్ల జాబితాలోకి ఎక్కింది.

ఈ సమయంలో కొత్త సన్నివేశం మొదలుపెట్టకండి. అందులో మునిగితే చెవులు పనిచేయవు, నా జామచెట్టే సాక్ష్యం. అచ్చుతప్పులు దిద్దడం, పాత్రలకు పేర్లు వెతకడం, పత్రికలకు మెయిల్ పెట్టడం లాంటివి చేసుకోండి. సంభాషణలు ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పుకోవచ్చు. కాకపోతే మన యాస దానికి అర్థం కాదు. నేను "గుంటడు" అన్న ప్రతిసారీ "గుండు" అని కొట్టింది, ఓపిగ్గా దిద్దుకోవాల్సి వచ్చింది.

3. కొత్త రాత తెల్లవారుజామునే

నాలుగున్నర నుంచి కుళాయి వచ్చేదాకా నా టైం. రాత్రి పిల్లలు పడుకున్నాక రాద్దామని ఏడాది ప్రయత్నించాను. వాళ్లకంటే ముందు నేనే పడుకునేదాన్ని. లక్ష్యం చిన్నది పెట్టుకోండి. రోజుకు 200 మాటలు రాస్తే, ఆదివారం సెలవు తీసుకున్నా వారానికి 1,200. రెండు మూడు వారాల్లో కథ చిత్తుప్రతి చేతికొస్తుంది. పిల్లలు లేచిన అలికిడి కాగానే వాక్యం మధ్యలోనైనా సరే ఆపేయండి. మర్నాడు ఆ సగం వాక్యమే దారి చూపిస్తుంది.

నవల? పిల్లలిద్దరూ బడికెళ్లేదాకా నేనైతే దాని జోలికి పోను.

4. ఆదివారాలు పంచుకోండి

ఒక ఆదివారం అందరం కలిసి కళింగపట్నం లైట్‌హౌస్‌కో, చలికాలమైతే తేలినీలాపురం గూడబాతులను చూడ్డానికో వెళ్తాం. చెట్ల మీద గూళ్లు లెక్కపెట్టమంటే మా వాళ్లు అలసిపోయేదాకా లెక్కపెడతారు. ఆ మరుసటి ఆదివారం పిల్లలు వాళ్ల నాన్నతో వెళ్తారు, నేను ఇంట్లో ఉండిపోతాను. దీనికి మొహమాటపడకండి. మిగతా సాహసాలకు మీరు కాపలా ఉన్నారు కదా.

ఎప్పుడైనా "వయసైపోతోంది, ఏమీ రాయలేదు" అని టెన్షన్ పడితే నాకో మందుంది. బడిపంతులుగా పనిచేస్తూనే కథలు రాసిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మన శ్రీకాకుళంలో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం పెట్టారు. అక్కడ పాత పత్రికలు తిరగేస్తుంటే, నేనెప్పుడూ పేరు వినని వాళ్ల కథలు ఎన్నో కనిపిస్తాయి. ఎందుకో తెలియదు గానీ, గుండె కుదుటపడుతుంది.

5. పిల్లల్ని కథలో పెట్టేముందు అడగండి

పేర్లు ఎలాగూ మార్చాలి. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే సంఘటన వాడుకోవడానికి కూడా ఒప్పుకోవాలి. ఆ ఆగిపోయిన కథను ఈ మధ్య మళ్లీ తీశాను, కొమ్మ విరగడం అందులోకి వచ్చింది. మా వాడికి చదివి వినిపించాను. వాడు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. జామచెట్టు మరీ చిన్నదట, తాటిచెట్టని రాయాలట.