సీమ ఎండల్లో కొత్త కోరల్‌ను బతికించుకోవడం: చిన్న ట్యాంకు ఉన్నవాళ్లకు

అనంతపురం, కడప, కర్నూలు ఇళ్లలో చిన్న సముద్రపు నీళ్ల ట్యాంకులో పెట్టిన కోరల్ (పగడపు జీవి) చచ్చిపోతే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి నీళ్ల వేడి ఎంత? ఆవిరైన నీళ్లకు బదులు రోజూ ఏం పోస్తున్నారు? లైటు, మేత, మందుల సంగతి ఆ తర్వాత.

ఇక్కడి లెక్కలన్నీ 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న ట్యాంకుకు. నిండా పోస్తే సుమారు 56 లీటర్లు పడుతుంది, రాళ్లూ ఇసుకా పోను 45 లీటర్లు అనుకోండి. ట్యాంకు మొదలుపెట్టి కనీసం రెండు మూడు నెలలై ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ టెస్టుల్లో సున్నా రావాలి. అంతవరకూ కొనే ఆలోచనే వద్దు.

కొనేటప్పుడు మెత్తటి రకాలతోనే మొదలుపెట్టండి: మష్రూమ్, జోయాంథిడ్, లెదర్. ఇవి తేలికగా పెరుగుతాయన్నది ఒక కారణం. చట్టం ఇంకో కారణం. రాతి అస్థిపంజరం కట్టే కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. సీ ఫ్యాన్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కూడా ఆ జాబితాలోవే. ఆక్రోపోరా, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్, బ్రెయిన్ అని ఎవరైనా చూపిస్తే అవి రాతి రకాలేనని గుర్తుంచుకోండి. చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. మెత్తటి రకాలకు కూడా బిల్లు అడిగి తీసుకోండి.

కొనడానికి మంచి కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. గదిలో ఏసీ గానీ ట్యాంకుకు చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మిషన్) గానీ లేకపోతే మార్చి దాటాక కొత్త కోరల్ తేవద్దు. బెంగళూరు నుంచి అనంతపురానికైనా, హైదరాబాదు నుంచి కర్నూలుకైనా బస్సులో నాలుగైదు గంటలు. థర్మకోల్ పెట్టెలో పెట్టి, రాత్రి బస్సులో, మీ పక్కనే ఉంచుకుని తెచ్చుకోండి. డిక్కీలో వేస్తే ఇంజిన్ వేడికి సంచిలో నీళ్లు కాగిపోతాయి. ఐస్ ప్యాక్ పెడితే న్యూస్‌పేపర్‌లో చుట్టి, సంచికి తగలకుండా పెట్టండి.

నీళ్ల దగ్గరే అసలు పని

మన బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) వెయ్యి దాటడం చాలా ఊళ్లలో మామూలే, అనంతపురం వైపు ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. ఆ నీళ్లు ట్యాంకుకు పనికిరావు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంది కదా అనుకుంటారు గానీ, తాగే నీళ్లకు రుచి కోసం అందులో మినరల్ కార్ట్రిడ్జ్, టీడీఎస్ పెంచే స్క్రూ ఉంటాయి. 20 లీటర్ల ప్లాంటు క్యాన్ల సంగతీ అంతే. ఆర్వో నీళ్లను డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా పంపి, టీడీఎస్ మీటర్ సున్నా చూపిస్తేనే వాడండి. ఆ నీళ్లను ఆహారానికి వాడే ప్లాస్టిక్ క్యాన్‌లో నిల్వ ఉంచాలి. రాగి బిందెలో పోసి పెట్టొద్దు. మనకు మంచిదని వాడే రాగి, కోరల్‌కూ రొయ్యలకూ విషం. చేపల జబ్బులకు వాడే రాగి మందులు ఈ ట్యాంకులో చుక్క కూడా పడకూడదు.

ఉప్పు అంటే మెరైన్ సాల్ట్ మిక్స్ మాత్రమే, వంటింటి ఉప్పు కాదు. చాలా కంపెనీలవి లీటరుకు 38 గ్రాముల దగ్గర 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ఇస్తాయి, మీ ప్యాకెట్ మీది లెక్క చూసుకుని ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూడండి. ఆ మీటర్‌ను కూడా 35 పీపీటీ ద్రావణంతో సరిచేసి ఉంచుకోవాలి. మంచినీళ్లతో సున్నా చేసినంత మాత్రాన పైన సరిగ్గా చూపిస్తుందని నమ్మకం లేదు. వేడి 25 నుంచి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) దాని కొలత డీకేహెచ్‌లో 8 నుంచి 9, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం ఉంటే మెత్తటి రకాలకు బాగుంటుంది. నైట్రేట్ సున్నా చేయాలని తాపత్రయపడొద్దు, ఆకలితో ముడుచుకుపోతాయి. వారానికి ఐదు లీటర్ల నీళ్లు మారిస్తే చాలు, అంటే సుమారు 190 గ్రాముల ఉప్పు. విడిగా కాల్షియం, ఆల్కలినిటీ ద్రావణాలు పోయక్కర్లేదు.

ఇంటికి తెచ్చిన రోజు

ట్యాంకు లైటు ఆపేయండి. సంచిని విప్పకుండా 20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత గిన్నెలోకి వంచి, సంచి నీళ్ల ఉప్పు ఎంతుందో కొలవండి. మీ ట్యాంకుకూ దానికీ తేడా రెండు పీపీటీ లోపే ఉంటే, ఐదేసి నిమిషాలకు ఒక కప్పు చొప్పున అరగంటలోపు కలిపేయండి. తేడా ఎక్కువుంటే ఇంకాస్త నెమ్మదిగా. అంతేగానీ గంటల తరబడి చుక్కలు చుక్కలుగా పోస్తూ కూర్చోవద్దు. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది, అమ్మోనియా అంత విషంగా ఉండదు. విప్పాక గాలి తగిలి పీహెచ్ పెరిగే కొద్దీ అదే అమ్మోనియా విషంగా మారుతుంది. గిన్నెలో నీళ్లు కూడా చల్లబడతాయి.

తర్వాత డిప్, అంటే పురుగులు పోయేలా మందు నీళ్లలో ముంచడం. ఇంకో గిన్నెలో ట్యాంకు నీళ్లు తీసుకుని, కోరల్ డిప్ మందును సీసా మీద రాసినంతే కలపండి. రాసినంత సేపే ఉంచండి, మామూలుగా ఐదు పది నిమిషాలు. మధ్యమధ్యలో సిరంజితో నీళ్లు చిమ్మి సందులన్నీ కడగండి. గిన్నె అడుగున ఏం రాలాయో టార్చ్ వేసి చూడండి. జోయాంథిడ్‌లను తినే చిన్న న్యూడీబ్రాంక్ (పెంకులేని సముద్రపు నత్త) తాను తినే కోరల్ రంగునే తెచ్చుకుంటుంది, కదిలేదాకా ముడుచుకున్న పాలిప్‌లాగే (కోరల్‌లోని ఒక్కో పువ్వులాంటి జీవి) కనిపిస్తుంది. దాని గుడ్లు కాడల కింద, తెల్లటి సన్నటి పూసల దండ చుట్టలా అతుక్కుని ఉంటాయి. నలుపు తెలుపు గడుల సన్‌డయల్ నత్త కనిపిస్తే తీసిపారేయండి. డిప్ పురుగులను చంపుతుంది, గుడ్లను చంపదు. అందుకే కనిపించిన గుడ్లను గీకేసి, వారం లోపల మళ్లీ ఒకసారి డిప్ చేయాలి. సంచి నీళ్లు, డిప్ నీళ్లు ట్యాంకులోకి పోకూడదు.

జోయాంథిడ్‌లతో జాగ్రత్త, ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, కోయొద్దు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో వేయడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి. వాడిన గిన్నె, బ్రష్ మళ్లీ వంటింట్లోకి పోకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

అతికించడానికి సూపర్ గ్లూ జెల్ వాడండి. కోరల్ అడుగు రాయిని బట్టతో తుడిచి, బఠాణీ గింజంత జెల్ పెట్టి, నీళ్లలో రాయికి నొక్కి ఒక నిమిషం పట్టుకుంటే చాలు. విడి మష్రూమ్‌లకు జెల్ నిలవదు, వాటి జిగురే దాన్ని ఊడగొడుతుంది. చిన్న కప్పులో రాతి ముక్కలు వేసి, మష్రూమ్ పెట్టి, పైన వల కట్టి, నీళ్ల ఊపు తక్కువుండే మూలలో ఉంచండి. వారం పది రోజుల్లో ఏదో ఒక ముక్కకు దానంతటదే పట్టుకుంటుంది.

మొదటి రెండు వారాలు ఏ రకాన్నైనా అడుగునే ఉంచండి. ఎల్‌ఈడీ మామూలుగా నడిపే దానిలో సగానికి తగ్గించి, రోజుకు ఎనిమిది గంటలు, మూడు వారాల్లో మెల్లగా పెంచండి. పవర్‌హెడ్ (నీళ్లను కదిలించే చిన్న పంపు) నేరుగా కోరల్ మీదికి కొట్టకూడదు. గ్లాసు మీదికి తిప్పితే ఆ ఊపు తిరిగొచ్చి పాలిప్‌లు నెమ్మదిగా ఊగుతాయి.

రెండు మూడు రోజులు ముడుచుకుని ఉంటే కంగారు పడొద్దు. రోజుకో చోటికి మార్చడమే ఎక్కువ కోరల్స్‌ను చంపుతుంది. లెదర్ మీద మైనంలాంటి పొర కమ్మి వారం దాకా ముడుచుకుంటే అది పాత చర్మం వదులుతోందని అర్థం, నీళ్ల ఊపు కొంచెం పెంచితే పొర ఊడిపోతుంది. మష్రూమ్ సాగి గొట్టంలా పైకి లేస్తే లైటు చాలలేదు. రంగు పాలిపోతే లైటు గానీ వేడి గానీ ఎక్కువైంది: ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచు బయటికి పోతోంది. కరిగి, గోధుమరంగు జిగురు కారుతూ కుళ్లు వాసన వస్తే మాత్రం ఆ ముక్కను వెంటనే తీసేయండి, ఆగితే పక్కవీ పోతాయి. మేత మొదటి వారం అసలు వద్దు. తర్వాత వారానికి ఒకసారి, మష్రూమ్‌కు ఒక్క మైసిస్ రొయ్యపిల్ల చాలు.

ఎండాకాలం

మూత తీసి వల వేసి, చిన్న క్లిప్ ఫ్యాన్‌ను నీళ్ల మీదికి ఏటవాలుగా తిప్పండి. మన పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దించుతుంది. దానికి బదులుగా రోజుకు లీటరు, లీటరున్నర ఆవిరైపోతుంది. 45 లీటర్లలో లీటరున్నర పోతే 35 ఉన్న ఉప్పు 36.2 అవుతుంది, రెండు రోజులు మరిచిపోతే 37.5. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి పోసేది ఉప్పు లేని డీఐ నీళ్లే. వెనక గ్లాసు మీద మార్కర్‌తో గీత పెట్టి, పొద్దున సాయంత్రం గీత దాకా పోయండి. ఊరెళ్లే అలవాటుంటే నీళ్లు తగ్గినప్పుడు తనంతట తానే పోసే ఆటో టాప్ ఆఫ్ కొనండి.

గది 35 డిగ్రీలకు చేరితే ఫ్యాన్ చాలదు. నీళ్లు 29 దాటితే అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, పైన కడిగి, తేలేయండి. అది కరిగితే 45 లీటర్లు సుమారు ఒక డిగ్రీ చల్లబడతాయి. ఒకేసారి మూడు నాలుగు వేస్తే ఆ కుదుపే కోరల్‌ను దెబ్బతీస్తుంది. చిల్లర్ పెట్టుకుంటే కిటికీ పక్కన పెట్టండి, అది నీళ్లలోంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది. కరెంటు పోయినప్పుడు లైటు లేకపోయినా పర్వాలేదు, నీళ్లు కదలాలి. పవర్‌హెడ్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి, లేదా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచండి. ఆ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి పంపుతుంది. ట్యాంకున్న గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు, కాయిల్ వెలిగించొద్దు.