కూచిపూడి నృత్యనాటకానికి పాట ఎలా పాడాలి?

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా మొదలైంది కనుక మా ఊళ్లో మంచి గాత్రానికి ఎన్నడూ కొదవ లేదు. అయినా సత్యభామ నాయికగా నడిచే భామాకలాపానికి పాడమంటే చాలామంది కచేరీ ధోరణిలోనే పాడి పాత్రధారిని ఇబ్బంది పెడుతున్నారు.

తంబురా, మృదంగం, వయొలిన్, వేణువు, నట్టువాంగానికి, అంటే నాట్యానికి లయ నడపడానికి, తాళాలు ఉంటే చాలు. శ్రుతిపెట్టె వద్దు, తంబురాయే కావాలి. కూచిపూడిలో సత్యభామ తానే మాటలు చెబుతుంది కనుక ఆమె గొంతును కూడా చూసుకొని శ్రుతి ఖాయం చేసుకోవాలి. పాత్రధారి ముఖం కనబడేచోట కూర్చోవాలి. సాహిత్యం కంఠస్థం కావాలి, ఒళ్లో పుస్తకం ఉండరాదు.

ప్రవేశ దరువు, అంటే పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే పాట, సులువే. పాత్ర ప్రవేశానికి ప్రత్యేకంగా ప్రావేశికి అనే ధ్రువాగానాన్ని నాట్యశాస్త్రమే చెప్పింది. సత్యభామ తెర మీదుగా జడ వేసిన క్షణం నుంచి కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, కదలకుండా పాడితే సరిపోతుంది.

అసలు కష్టం సంచారి దగ్గర ఉంది. పాత్రధారి ఒకే పాదానికి భావాన్ని విస్తరించి అభినయిస్తున్నంతసేపూ ఆ పాదాన్నే తిప్పి తిప్పి పాడాలి. మొదటి రెండుసార్లు సంగతి, అంటే అదే పాదాన్ని రాగంలో కొంచెం మార్చి పాడే తీరు, వేయకుండా పాడాలి, ఎందుకంటే అప్పుడు ఆమె మాటకు మాటగా అర్థం చూపిస్తుంది. భావం పెరిగిన తరువాతే ఒక్కొక్క సంగతి వేయాలి. స్వరకల్పన, అంటే సాహిత్యం వదిలి సరిగమలు అల్లడం, అసలే కూడదు. మాట మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరుగుతుంది, దానితోపాటు అభినయమూ విరుగుతుంది.

ఒక ఏడు సిరిమానోత్సవం రోజుల్లో మా ఊళ్లోనే ఒక ప్రదర్శనకు నేను పాడాను. సత్యభామ కృష్ణునికి లేఖ రాస్తున్నది. ఎడమ అరచేయి ఆకు, కుడిచేతి వేళ్లు గంటం. ఒక మాట రాసి ఆగి, సిగ్గుపడి, దానిని చెరిపివేస్తున్నది. సంగతి బాగా పలికిన సంతోషంలో నేను తరువాతి పాదం ఎత్తుకున్నాను. గంటం పట్టిన చేయి గాలిలోనే నిలిచిపోయింది. ఆమె నా వైపు చూడలేదు, కానీ ఆ మాట చెరిపివేయడం పూర్తి కాలేదు. ఆనాటి నుంచి పాత్రధారి మళ్లీ పాదం తొలి మాటకు చెందిన హస్తం, అంటే చేతి ముద్ర, పట్టేవరకూ నేను ముందుకు పోవడం లేదు. ఆ హస్తం కనబడినా వెంటనే తొందరపడరాదు. నట్టువాంగం వైపు ఒక చెవి ఉంచి, ఆ ఆవర్తం, అంటే తాళపు ఒక చుట్టు, నిండిన తరువాతనే కొత్త పాదం ఎత్తుకోవాలి.

రికార్డు పెట్టి ఆడించే పద్ధతిని నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. రికార్డులో పాదం ఎనిమిదిసార్లు ఉంటే ఎనిమిదిసార్లే వస్తుంది. ఆ రోజు పాత్రధారి కంట నీరు ఆరోసారికే నిండిందో, పదోసారి దాకా నిండలేదో రికార్డుకు తెలియదు, ఎదుట కూర్చున్న గాయకునికి తెలుస్తుంది.

కనుక ప్రదర్శనకు ముందు లేఖ ఘట్టం ఒక్కదానినే పదిసార్లు సాధన చేయాలి. అందులో రెండుసార్లు మీకు చెప్పకుండా సంచారిని పెంచమని, ఒకసారి తగ్గించమని పాత్రధారిని ముందే అడగాలి.